తలుపు మూసి తినే ఇల్లు

నా చిన్నప్పుడు తమిళనాడులోని మా ధర్మపురిలో పిల్లలందరూ పరుగెత్తుకుంటూ పోయే చోటు ఒకటుండేది. నేను మాత్రం అటు చూడాలంటేనే చచ్చేంత భయపడేదాన్ని. ఊరి నడిబొడ్డున నాలుగు దారులు కలిసే కూడలి, దాని మధ్యలో చిన్న పార్కు. ఏ కూడలో చెప్పను. ఇప్పుడు దాని చుట్టూ జ్యూసు కొట్లు, సెల్‌ఫోన్ అంగళ్లు వెలిశాయి. నేను పేరు రాస్తే తమ బేరాలు చెడగొట్టానని వాళ్లంతా నా మీదకి వస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పకపోయినా తెలుస్తుంది, లేనివాళ్లకి తెలిసి ఒరిగేదేమీ లేదు.

మా ఇల్లు సరిగ్గా ఆ పార్కుకి ఎదురుగా ఉండేది. ముందు భాగం అంగడి, వెనక కాపురం, పైన ధాన్యం దాచే మచ్చు. రాగులు, సామలు, చింతపండు, బెల్లం అమ్మేవాళ్లం. మా పెద్దలు ఈ ప్రాంతానికి ఎప్పుడు వచ్చారో మా తాతయ్యకి కూడా తెలియదు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. బడిలో తెలుగు చెప్పేవాళ్లు లేకపోతే ఆయనే పళ్లెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించి పోయాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. మా పిల్లలకి ఆ చదువు అంటలేదు. వాళ్లు చదవలేరన్న ధైర్యంతోనే ఇంటి గుట్టు ఇలా బయట పెడుతున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. విస్తళ్లు వేసేముందు వీధి తలుపు మూసి గడియ పెట్టాలి. ఎండాకాలంలో ఉడికిపోతున్నా సరే, తిన్నంతసేపూ తెరవకూడదు. మా నాన్న అంగట్లో తినాల్సి వస్తే గోనె పరదా దించుకుని, దాని వెనక కూర్చుని తినేవాడు. ఆ వీధిలో ఉన్న మా వాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఇదే వరస. తమిళుల పిల్లలు అరుగుల మీద కాళ్లూపుకుంటూ సద్దన్నం తింటుంటే నాకు ఈర్ష్యగా ఉండేది. మనం ఎందుకిలా అని అడిగితే, దిష్టి అని ఒక్క మాటతో నా నోరు మూయించేది మా అమ్మ. వాళ్లకి తగలని దిష్టి మనకే ఎందుకు తగులుతుందని అడిగితే మాత్రం మొట్టికాయ పడేది.

ఒక ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆ పార్కులో నీళ్లు చిమ్మే తొట్టి కట్టాలని ఊరి పెద్దలకి బుద్ధి పుట్టింది. కూలీలు గొయ్యి తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. తవ్వేకొద్దీ వస్తూనే ఉన్నాయి. బడి వదిలి ఇంటికి వస్తూ, గుమిగూడిన పెద్దవాళ్ల కాళ్ల సందుల్లోంచి నేనూ తొంగి చూశాను. మట్టికుప్ప మీద ఒక దవడ ఎముక ఉంది. చాలా చిన్నది. పళ్లు ఇంకా వరసగానే ఉన్నాయి, ముందు పన్ను ఒకటి మాత్రం సగమే మొలిచి ఉంది. అప్పుడు నాకూ ముందు పన్ను సగమే మొలిచింది. నాలుకతో నా పన్ను తడుముకుని, వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం ఊరంతా ఆ ఎముకల గురించే మాట్లాడుకుంది. ఎదురింటివాళ్లం మేము మాత్రం ఏమీ విననట్టే ఉన్నాం. నాన్న అంగడి తొందరగా కట్టేశాడు. అమ్మ నన్ను వాకిట్లోకి పోనివ్వలేదు. కొన్ని ఎముకల్ని గోనెల్లో వేసి ఎక్కడికో తీసుకుపోయారని, మిగతావాటి మీద మట్టి కప్పేసి కాస్త పక్కగా తొట్టి కట్టడం మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. అవి ఎవరివని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు. పెద్దవాళ్లు నోరు మూసుకుంటే పిల్లలకి చెప్పేవాళ్లు వేరే ఉంటారు. నాకు మా పక్కింటి అక్క ఉంది.

పక్కింటి అక్క మా వాళ్ల పిల్లే, నాకంటే కాస్త పెద్దది. ఎవరినైనా ఏడిపిస్తే తప్ప దానికి పొద్దుపోయేది కాదు. పెరటి గోడ మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. "వాళ్లంతా ఆకిలితో సచ్చిపోయినోళ్లు పాపా. సచ్చినా ఆకిలి పోలేదు. మనం తినేటప్పుడు వచ్చి తలుపు సందులో నుంచి చూస్తా ఉంటారు. చూసి చూసి, ఎవురు బాగా తింటా ఉంటే వాళ్ల కడుపులో దూరతారు. అందుకే గదా మనోళ్లు తలుపేసుకుని తినేది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పని జవాబు ఇంత తేలిగ్గా దొరికింది. తలుపు ఎందుకు మూస్తారో, ఎముకల మాట ఎత్తితే ఇంట్లో ఎందుకు మొహాలు తిప్పుకున్నారో అన్నీ ఒక్కసారిగా అతికిపోయాయి. ఆ మధ్యాహ్నం అమ్మ గడియ పెట్టి సంగటి వడ్డించింది. మా వీధి తలుపు పాతది, కింద వేలెడు సందు ఉండేది. ఆ సందులోంచి వెలుతురు లోపలికి పడుతోంది. నేను ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి ఆ వెలుతురు మీదుగా ఒక నీడ కదిలి, అక్కడే ఆగింది. దారినపోయే మనిషో, మేకో అయి ఉంటుంది. నాకు మాత్రం సగం పన్ను మొలిచిన ఆ దవడ కనిపించింది. ముద్ద గొంతులోనే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నాకు తిండి లోపలికి పోలేదు. మారాం అనుకుని మొదట తిట్టారు. తర్వాత జ్వరం అనుకున్నారు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు పెరట్లో ఊసేసేదాన్ని. ఆకలి వేయక కాదు. కడుపులో పేగులు అరిచేవి. అయితే ఆ అరుపు నాది కాదని, వాళ్లలో ఎవరో అప్పుడే లోపలికి వచ్చేసి అరుస్తున్నారని నా నమ్మకం. తింటే లోపలున్నది బలుస్తుంది, తినకపోతే నేను పోతాను. ఈ రెంటి మధ్యా నలిగిపోయాను. ఎవరితోనైనా చెబుదామంటే, వాళ్ల పేరెత్తితే ఇంకా దగ్గరికి వస్తారేమోనని భయం.

డాక్టరు కడుపు నొక్కి చూసి, ఏమీ లేదని టానిక్కు రాసిచ్చాడు. అదియమాన్‌కోట్టై భైరవుడి గుడి నుంచి విభూతి తెచ్చి పెట్టారు. కడత్తూరు వైపు నుంచి ఎవరినో పిలిపించి తాయెత్తు కట్టించారు. తాయెత్తు కట్టిన మర్నాడే బడిలో ప్రార్థన దగ్గర నిలబడి నిలబడి పడిపోయాను. మా నాన్న నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. పార్కు పక్కగా వస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుని ఆయన చొక్కా కొరికాను. ఆ రోజు అమ్మ నా పావడ నాడాని మళ్లీ బిగించి కడుతూ, ఇక బిగించడానికి చోటు లేదని చూసుకుని గట్టిగా ఏడ్చేసింది. చచ్చిపోతానని నాకు అప్పుడే అర్థమైంది.

మా నాన్న తల్లిని మేము జేజి అనేవాళ్లం. మా జేజి ముద్దు చేసే రకం కాదు. ఆవిడ నోట్లో ఆకూ వక్కా లేనప్పుడు తిట్టేది, ఉన్నప్పుడు చూపుతో తిట్టేది. ఆ ఏడుపంతా విని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. అందరినీ బయటికి పొమ్మంది. "ఏమే, బువ్వ చేదుగా ఉండాదా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎవురికి బయపడి తినకుండా ఉండావు?" అంది. ఇంతమంది ఇన్ని అడిగారు కానీ ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నాకు ఏడుపు పొంగుకొచ్చింది. దవడ ఎముక, పన్ను, తలుపు కింద నీడ, పక్కింటి అక్క మాట, అన్నీ చెప్పేశాను.

నవ్వుతుందనుకున్నాను. లేకపోతే పక్కింటి మీదకి తగవుకి పోతుందనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు. నోట్లో ఉన్న ఆకుని ఉమ్మేసి, లేచి వెళ్లి వీధి తలుపు గడియ పడిందో లేదో తడిమి చూసుకుంది. అది నన్ను ఇంకా బెదరగొట్టింది.

మర్నాడు జేజి తనే పొయ్యి దగ్గర కూర్చుని పెద్ద గిన్నె నిండా రాగి సంగటి గెలికింది. ఆకుకూర పులుసు చేసి ముంతలో పోసి, నాలుగు విస్తరాకులతో కలిపి గిన్నె మీద పెట్టింది. సరిగ్గా అందరూ తినే మధ్యాహ్నం వేళ, ఒక చేత్తో గిన్నె చంకన పెట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఉండారో లేరో పోయి చూసొస్తాం, రా" అంది. ఎక్కడికో అర్థమయ్యేసరికి నేను ద్వారబంధం పట్టుకుని వేలాడాను. అమ్మ అడ్డం వచ్చింది, జేజి ఒక్క చూపు చూసింది. నా వేళ్లు దాని మీంచి ఊడదీసి, వీధి దాటించి, పార్కు లోపలికి లాక్కుపోయింది.

మట్టి కప్పేసిన చోట నేల ఇంకా ఎగుడుదిగుడుగా ఉంది. దాని పక్కన కానుగ చెట్టు నీడలో నన్ను కూర్చోబెట్టి తనూ కూర్చుంది. లేరు అని చెప్పడానికే తెచ్చిందనుకుని నేను ఆ మాట కోసం ఆవిడ మొహంలోకి చూశాను.

"ఉండారు పాపా" అంది జేజి. "ఈడే ఉండారు."

నా ఒళ్లంతా చల్లబడిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుంటే అదీ చల్లగానే ఉంది. అప్పుడే నాకు తెలిసింది, మా జేజి కూడా భయపడుతోందని. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఇంటి ఎదుటే ఉన్న ఆ పార్కులో ఆవిడ అడుగు పెట్టడం అదే మొదటిసారట. "ఒట్టి చేతుల్తో వచ్చేదానికి బయమై ఇది తెచ్చినాను" అని గిన్నె చూపించింది.

తర్వాత కథ చెప్పింది. ఆవిడకి వాళ్ల అత్త చెప్పిన కథ. తెల్లదొరల కాలంలో, ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు వచ్చినప్పుడు ఆ చోట పార్కు లేదు, ఒట్టి బయలు. వానలు ఎగ్గొట్టి, చేలు మాడిపోయి, కొండల నుంచీ పళ్లిపట్టి వైపు ఊళ్ల నుంచీ జనం నడుచుకుంటూ వచ్చారు. వాళ్ల కోసం ఆ బయలులో గంజి తొట్టి పెట్టారు. కొన్నాళ్లకి గంజి పలచబడింది, ఇంకొన్నాళ్లకి తొట్టి ఎండిపోయింది. వచ్చినవాళ్లకి తిరిగి పోయే శక్తి లేదు. అక్కడే కూర్చున్నారు, అక్కడే పడుకున్నారు, అక్కడే పోయారు. పోయినవాళ్లని బండి మీద ఏరుకుని, ఆ బయలులోనే గోతులు తీసి పూడ్చారు.

అప్పుడు మా మచ్చు మీద ధాన్యం ఉంది. మా తాతకి తాత ఆ ఇంటి పెద్ద. ఆయన రాక్షసుడేమీ కాదని జేజి చెప్పింది. ఒకసారి తలుపు తెరిస్తే బయలంతా లోపలికి వస్తుందని, రేపు తన పిల్లలూ ఆ బయలులోనే కూర్చోవాల్సి వస్తుందని భయపడ్డాడట. అందుకని వంట వేళకి వీధి తలుపు మూసేవాళ్లు. సంగటి ఉడికే వాసన బయటికి పోకుండా తలుపు సందుల్లో తడిపిన గోనె కుక్కేవాళ్లు. వీధిలో మిగిలిన మా వాళ్లూ అదే చేశారు. కరువు పోయింది, గోనె తీసేశారు, తలుపు మూసే పద్ధతి మాత్రం ఉండిపోయింది.

"దిష్టి అని మాకు చెప్పినారు, మేము మీకు చెప్పినాము. దిష్టి కాదు పాపా. సిగ్గు" అంది జేజి.

జేజి అత్తది మేనరికం కావడంతో చిన్నప్పుడే ఆ ఇంటికి వచ్చి పెరిగింది. ఆ కరువులో ఆవిడకి నా ఈడే. ఒక రోజు గోనె కాస్త పక్కకి జరిపి చూస్తే, మెట్టు మీద ఒక పిల్ల కూర్చుని ఉందట. ఆ పిల్లదీ అదే ఈడు. పిలవలేదు, ఏడవలేదు, తలుపు వైపు మొహం పెట్టి ఊరికే కూర్చుంది. మర్నాడూ అక్కడే ఉంది. జేజి అత్త తన విస్తట్లోంచి ఒక ముద్ద తీసి పావడలో దాచింది. గడియ చేతికి అందదు, మామ అంటే భయం. పెద్దవాళ్లు తలుపు తీసేదాకా ఆగింది. తీసేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. బయలులో బండి తిరుగుతోంది. ఆ ముద్ద పావడలోనే ఎండిపోయిందట. ముసలితనంలో, మతి తప్పాక కూడా ఆవిడ చీర కొంగులో దేనికోసమో వెతుక్కునేదని చెప్పి జేజి కళ్లు తుడుచుకుంది.

ఆ పిల్లకి మనమీద కోపంగా ఉంటుందా అని అడిగాను.

"ఏమో, నాకేం తెలుసు" అంది జేజి. "కోపం వచ్చేదానికన్నా ఒంట్లో సత్తువ ఉండాల గదా. దానికి ఆకిలైంది. అంతే. నీ కడుపులో దూరేదానికి రాలేదు, బువ్వ కోసరం వచ్చింది."

అంతలో నా వెనక ఎండుటాకులు చప్పుడయ్యాయి. తిరిగి చూస్తే నా ఎత్తున్న ఒక పిల్ల నిలబడి ఉంది. జుట్టు మట్టి కొట్టుకుపోయి ఉంది. పిలవలేదు, ఏడవలేదు, గిన్నె వైపే చూస్తోంది. జేజి కొంగులో మొహం దాచుకోబోయాను. ఆవిడ నన్ను మెల్లగా విడిపించి, గిన్నె నా ముందుకి జరిపింది. తను కూడా కళ్లార్పకుండా ఆ పిల్లనే చూస్తోంది.

సంగటిలో చెయ్యి పెట్టాను. వేడికి వేళ్లు కాలుతున్నా తెలియలేదు. ముద్ద చేస్తుంటే రెండుసార్లు చెదిరిపోయింది. ఎలాగో ఆకులో పెట్టి, పులుసు పోసి, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి ముందుకి చాచాను. ఆ చెయ్యి మళ్లీ నాకు దక్కదనే అనుకున్నాను. ఆకు నా చేతిలోంచి లేచిపోయింది. తర్వాత జుర్రుకునే చప్పుడు, వేళ్లు నాకే చప్పుడు, పెద్ద తేన్పు వినిపించాయి. "వెంగాయం లేదా?" అని తమిళంలో అడిగింది ఆ పిల్ల. ఆకలి రుచెరుగదంటారు గానీ, దానికి మాత్రం సంగటిలోకి ఉల్లిపాయ కావాల్సి వచ్చింది. తొట్టి కట్టే కూలీల పిల్ల అది. వాళ్లమ్మ అవతల ఇసుక జల్లిస్తోంది.

జేజి నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలియదు. వాళ్లమ్మని, మిగతా కూలీలని కేకేసి పిలిచింది. నేను ముద్దలు పెడుతూ పోయాను. పెడుతుంటే పెడుతుంటే కడుపులో ఆ అరుపు మొదలైంది. ఈసారి అది నాదేనని తెలిసింది. ఎవరినీ అడక్కుండా గిన్నె అడుగున మిగిలింది గీకి నోట్లో పెట్టుకున్నాను. ఆ కూలీల పిల్ల పక్కన, నలుగురూ తిరిగే చోట, ఊరంతా చూస్తుండగా తిన్నాను. మా ఇంటి మనిషి ఒకరు అలా బయట కూర్చుని తినడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నాన్న అంగడి మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

సాయంత్రం ఆయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. నేను తిన్నందుకు సంతోషం లేక కాదు, ఆయనకీ సిగ్గే. ఊరు చూసింది, రేపు అంగట్లో నలుగురూ నాలుగు మాటలంటారన్నాడు. జేజి నిదానంగా ఆకుకి సున్నం రాసుకుంటూ విన్నది. "చూడనీ. అప్పుడు చూడనిచ్చి ఉంటే ఆ పిల్ల బతికుండును" అంది. నాన్న ఆ మాటతో మారిపోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో తినే వేళకి ఆవిడ తలుపు తీసేది, ఆయన మూసేవాడు. వాళ్లిద్దరి మధ్యా మా అమ్మ పులుసు గిన్నె పట్టుకుని వడ్డించేది.

నేను మళ్లీ ఒళ్లు చేశాను. కానీ ఆ పార్కు అంటే భయం పోయిందని చెబితే అబద్ధమే. ఇప్పుడు అక్కడ జారుడుబల్ల ఉంది, రంగు దీపాలు ఉన్నాయి, దాన్ని ప్రారంభించిన వాళ్ల పేర్లతో పెద్ద రాయి ఉంది. కింద ఉన్నవాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. పిల్లలు ఐస్‌క్రీం తింటూ ఆ నేల మీద పరుగులు పెడుతుంటే నాకు ఇప్పటికీ వాళ్లని వెనక్కి పిలవాలనే ఉంటుంది. ఆ రోజు నుంచి నాతో మిగిలింది ఈ భయమే. ముందు పెట్టి, తర్వాత భయపడాలని మాత్రం మా జేజి దగ్గర నేర్చుకున్నాను.

ఈమధ్య కరోనా వచ్చి ఊళ్లన్నీ మూసేసినప్పుడు, ఉత్తరాది కూలీలు కొందరు పెద్దరోడ్డు వెంట నడిచి నడిచి మా కూడలికి చేరి, ఆ పార్కు కటకటాలకి ఆనుకుని కూర్చున్నారు. నీ వయసుకి వాళ్ల దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పని మా అబ్బాయి బతిమాలాడు. వాడు చెప్పింది నిజమే, నాకూ తెలుసు. పులిహోర కలిపి పొట్లాలు కట్టుకుని వీధి దాటాను. మొదటి పొట్లం అందుకున్న మనిషి నా చేతులు వణకడం చూసి, జ్వరమా అన్నట్టు తన నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించాడు. కాదు, భయం అని చెప్పడానికి నాకు హిందీ రాదు. ఇంకో పొట్లం తీసి అతని చేతిలో పెట్టాను.